లీడెన్ జాడీల చార్జి నిలుస్తలేదు, ఎక్కడ కారిపోతున్నదో చెప్పుండ్రి

దేవరకొండ_డబ్బా
మా తొమ్మిదో తరగతి పిల్లలు సైన్స్ ఫెయిర్‌కు లీడెన్ జాడీ (రుద్ది తీసిన చార్జిని దాచే సీసా) పెడ్తమని పట్టువట్టిన్రు. ఖాళీ కాఫీపొడి గాజు సీసా తీసుకొని లోపల, బయట వంటింటి అల్యూమినియం ఫాయిల్ మూతి దాక చుట్టినం. ప్లాస్టిక్ మూతకు మేకు దింపి, దాని కింద సన్న గొలుసు వేలాడదీస్తే లోపలి ఫాయిల్‌కు తాకుతున్నది. పీవీసీ పైపు ముక్కను స్వెట్టర్‌తోని రుద్ది మేకు తలకాయకు ఆనిస్తున్నం. పైపుకు కాగితం ముక్కలు ఎగిరొచ్చి అతుక్కుంటున్నయి, అంటే పైపు దాక కథ మంచిగనే ఉన్నది. సీసాల మాత్రం ఏం లేదు. రవ్వ లేదు, చప్పుడు లేదు, వేలు పెట్టినా చురుక్కుమనదు. వీడియోలల్ల ఇదే సరుకుతోని టప్పుమని కొడుతున్నది. మన దగ్గర తేడా ఎక్కడున్నది?

పాలమూరు_పాలిటెక్నిక్
సీసా దేని మీద పెట్టిన్రు సార్?

దేవరకొండ_డబ్బా
ప్లాస్టిక్ కుర్చీ మీద. పిల్లలకు షాక్ కొట్టొద్దని.

పాలమూరు_పాలిటెక్నిక్
గదే సార్ గదే 😀 దొంగ దొరికిండు.

క్లాక్‌టవర్_లెక్చరర్
పై తమ్ముడు చెప్పింది నిజమే కానీ కారణం చెప్పకుండా నవ్వి పోయిండు. జాడీ చార్జి పట్టాలంటే లోపలి రేకుకు, అంటే ఫాయిల్‌కు, ఎంత చార్జి ఇస్తున్నామో బయటి రేకు నుంచి అంతే చార్జి భూమిలోకి పోవాలి. బయటి రేకుకు దారి లేకుండా కుర్చీ మీద కూర్చోబెడితే లోపలికి కొంచెం పోంగనే చాలు, ఇక చాలు అని తిప్పి కొడుతుంది. సీసా ఉన్నా లేనట్టే.

మీ కంగారేమీ వింతది కాదు. హాలండ్‌లో లీడెన్ ఊరి ప్రొఫెసర్ ముషెన్‌బ్రూక్ కూడా సీసాని మొదట ఇన్సులేటర్ (కరెంటు పారనివ్వని వస్తువు) మీదనే పెట్టేవాడు, అప్పటి పద్ధతి అది. ఆయన లాబొరేటరీ చూడటానికి వచ్చే క్యూనియస్ అనే లాయరు పద్ధతులు తెలియక నీళ్ల సీసాని చేత్తో పట్టుకొని చార్జి చేసిండు. రెండో చేత్తో తీగ ముట్టంగనే దిమ్మ తిరిగింది. సీసాని పట్టుకున్న చెయ్యే బయటి రేకు పని చేసింది. తరువాత ప్రొఫెసర్ తానూ చేసి చూసుకొని, ఫ్రాన్స్ రాజ్యం మొత్తం రాసిచ్చినా మళ్లీ ఆ దెబ్బ తినను అని 1746 జనవరిలో పారిస్‌కు ఉత్తరం రాసిండు. అంతకు కొన్ని నెలల ముందే, 1745లో, బాల్టిక్ సముద్రతీరపు పొమరేనియాలో ఫాన్ క్లైస్ట్ అనే చర్చి అధికారికి కూడా ఇదే దెబ్బ తగిలింది. కానీ సీసా చేతిలో ఉండాలన్న ముక్క ఆయన ఉత్తరాలు చదివినవాళ్లకు సరిగ్గా అందలేదు. వాళ్లు చేస్తే పనిచెయ్యలేదు. పేరు లీడెన్‌కు పోయింది.

బోరుబావి_యాదన్న
మనకు వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచి ఉండంగ సీసాల దాచుకునుడెందుకు సార్ 😂

దేవరకొండ_డబ్బా
లెక్చరర్ సార్, సమజైంది. మరి బయటి ఫాయిల్‌ను దేనికి కట్టమంటరు? నల్లా పైపుకా?

పాలమూరు_పాలిటెక్నిక్
ఈ దినాలల్ల నల్లా పైపులన్ని ప్లాస్టిక్కే. స్కూల్ల పాత బోరింగ్ ఉంటది కద, దాని ఇనుప కడ్డీకి తీగ కట్టుండ్రి. లేకపోతే ఒక పిలగాడు సీసాను గట్టిగ పట్టుకొని నేల మీద నిలబడితే సాలు. ఒక్కటి మాత్రం చెప్త, సాకెట్ల పై పెద్ద బొక్క ఎర్తింగే అని పిల్లలు దాంట్ల తీగ దూరుస్తరు. అటు దిక్కు పోనియ్యకుండ్రి.

గొంగడి_కోయిల్‌కొండ
స్వెట్టర్ ఉన్నిదేనా? బజార్ల దొరికేయి సగం అక్రిలిక్. అక్రిలిక్, పీవీసీ రెండూ ఒక్క తీరే ఎలక్ట్రాన్లను గుంజుకునే రకం, ఒకదానితో ఒకటి రుద్దితే వచ్చేది తక్కువ. ఉన్ని ఇచ్చే రకం, పీవీసీ తీసుకునే రకం. మా ఇంట్ల గొర్లున్నయి, గొంగళ్లున్నయి. బోరు కేసింగ్ పైపు ముక్కను పాత గొంగడిల చుట్టి గుంజితే చిటపటమని చప్పుడు ఇనొస్తది. చీకట్ల సూస్తే నీలం మెరుపులు గూడ.

హాలియా_టీచరక్క
పాత గొంగడే ఎందుకన్నా?

గొంగడి_కోయిల్‌కొండ
కొత్తదానికి చింతగింజల గంజి పట్టిస్తరక్కా, పోగు గట్టిగ నిలవాలని. గంజి తేమ గుంజుతది. నాలుగేండ్లు కప్పుకొని ఉతికి ఎండేసిన గొంగడి బెస్టు. రుద్దే ముందు జరసేపు ఎండల పడెయ్యాలె.

నకిరేకల్_నవ్వులు
గొర్లకాపరి చలికి కప్పుకుంటడు, మీరు కరెంటుకు కప్పుకుంటున్నరు.

హాలియా_టీచరక్క
నేను గాజు సీసా జోలికి పోను. ఫంక్షన్లల్ల ఇచ్చే ప్లాస్టిక్ గ్లాసులు రెండు తీస్కొని రెండింటికి బయట దిక్కే ఫాయిల్ చుట్టి ఒకదాంట్ల ఒకటి దింపుత. లోపలి గ్లాసు ఫాయిల్ నుంచి సన్న పట్టీ ఒకటి పైకి తీస్తే అదే మేకు. ఐదు నిమిషాల పని. గాజు పగులుద్దన్న భయం లేదు, ప్రతి పిల్లకు ఒకటి చేసియ్యొచ్చు. జపాన్‌ల కూడ పిల్లలతోని గిట్లనే చేపిస్తరు.

ఇంకో మాట. ఇదే గ్లాసులు వానకాలంల పెడితే ఒక్క రవ్వ రాలేదు మాకు, సాగర్ కాలువ పక్కనే మా బడి. సంక్రాంతి ముందట పొడి గాలికి అవే గ్లాసులు టపటప కొట్టినయి. గ్లాసుల తప్పు లేదు, గాలిలో తేమే.

క్లాక్‌టవర్_లెక్చరర్
అమ్మా, గాలిలో తేమ అనడం కన్నా వస్తువుల మీద పట్టే తేమ అంటే సరిగ్గా ఉంటుంది. తడి గాలి దానంతట అది కరెంటును పెద్దగా తీసుకుపోదు. గాజు మీద కంటికి కనపడని నీటి పొర పడుతుంది, వేలిముద్రల ఉప్పు దానిలో కరుగుతుంది. ఆ పొర వెంట లోపలి రేకు నుంచి మూతి ఎక్కి బయటి రేకు దాకా చార్జి నడిచిపోతుంది. మామూలు సీసా గాజులో సోడా ఉంటుంది కాబట్టి తేమ దానికి తొందరగా అంటుకుంటుంది. పాత కాలంలో సీసా మెడకు లక్క వార్నిష్ పూసేది అందుకే.

హాలియా_టీచరక్క
ఒప్పుకున్న సార్. మెడకు కొవ్వొత్తి మైనం రాస్తే?

క్లాక్‌టవర్_లెక్చరర్
భేషుగ్గా పనిచేస్తుంది. ముందు సబ్బుతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, వెచ్చగా ఉన్నప్పుడే రాయాలి. తడి మీద మైనం రాస్తే తడి లోపలే ఉండిపోతుంది.

మిర్యాలగూడ_టీవీ_రిపేర్
మొదటి పోస్టు మళ్ల సదువుండ్రి అందరు. "ఫాయిల్ మూతి దాక" అన్నడు. అండ్లనే ఉన్నది అసలు సంగతి! లోపలి ఫాయిల్ అంచుకు బయటి ఫాయిల్ అంచుకు నడుమ మూతి మందం తప్ప ఏం లేదు. సీసా ఎత్తుల పైన మూడో వంతు ఖాళీ గాజు ఉంచాలె, లోపలా బయటా. ఫాయిల్ అంచులు రంపం లెక్క చినిగితే ఆ కొనల నుంచి చార్జి గాలిలకు చల్లగ జారుకుంటది, సప్పుడు గూడ ఉండదు. కత్తెరతోని నున్నగ కోసి, అంచు మడిచి, చెంచా వెనుకతోని గాజుకు అద్దాలె. మేకు తలకాయకు ఫాయిల్ ఉండ చేసి తొడగాలె, గుండ్రంగ, నున్నగ.

నా సంగతి చెప్త. పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబ్ ఉంటది కద, అది పెద్ద లీడెన్ జాడీనే. బయట నల్లటి గ్రాఫైట్ పూత, లోపలొక పూత, నడుమ గాజు. కలర్ టీవీల 20, 25 వేల వోల్టులు ఎక్కుతయి. ప్లగ్గు పీకినంక కూడ ఉంటది. పని నేర్చుకునే దినాలల్ల రబ్బరు టోపీ కింద చెయ్యి పోయింది, చెయ్యి దానంతట అదే ఎనుకకు లేచి పక్కనున్న చాయ్ గ్లాసు గోడకు తగిలింది. చాయ్ మా ఉస్తాద్‌ది. షాక్ కన్న ఆయన తిట్లు ఎక్కువ సేపు కొట్టినయి.

నకిరేకల్_నవ్వులు
ఉస్తాద్‌కు ఎర్తింగ్ ఇయ్యలేదా అన్నా

చిట్యాల_చందు
ఎందుకు ఇంత లొల్లి. దోమల బ్యాట్ ఉంటది ఇంట్ల. దాని జాలీ నుంచి రెండు తీగలు తీసి జాడీకి పెడితే అయిపాయె. గొంగడి లేదు, పైపు లేదు.

పాలమూరు_పాలిటెక్నిక్
చందు తమ్మీ, బ్యాట్ ఇచ్చేది వెయ్యి, రెండు వేల వోల్టుల మధ్య. పైపు, గొంగడి ఇచ్చేది పదివేలు. దాచే శక్తి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటది. బ్యాట్‌తోని నింపితే ఇరవై ఐదో వంతో, నూరో వంతో వస్తది. పైగ బ్యాట్ లోపల దాని కండెన్సర్ (చార్జి దాచే భాగం) దానికి వేరే ఉంటది, పిల్లలు విప్పితే అదే కొడుతది.

చిట్యాల_చందు
అయితే ఇన్వర్టర్ నుంచి?

మిర్యాలగూడ_టీవీ_రిపేర్
తమ్మీ ఆగు. రుద్ది తీసిన చార్జి అయిపోతే అయిపోతది. ఇంటి కరెంటు నుంచి గుంజితే వెనుక నుంచి వస్తనే ఉంటది, ఆగదు. కరెంటు మిషన్‌కు జాడీ కలుపుడు మాట ఈడ మళ్ల ఎత్తకు.

చిట్యాల_చందు
సరే అన్నా కోపం వద్దు

బోరుబావి_యాదన్న
నాదొక డౌటు. మా బోరు మోటర్ కాడ స్టార్టర్ల కండెన్సర్ ఉన్నది. అది, ఇది ఒక్కటేనా? ఒక్కటే అయితే గీ సీసాలు పది పెట్టి ఫోనన్న చార్జి చేస్కోవచ్చు కద.

పాలమూరు_పాలిటెక్నిక్
జాతి ఒక్కటే అన్నా, సైజు వేరు. లెక్క చేసిన చూడు. సార్ సీసా 8 సెంటీమీటర్ల వెడల్పు, ఫాయిల్ 10 సెంటీమీటర్ల ఎత్తు అనుకుందాం. అడుగు కలిపితే 300 చదరపు సెంటీమీటర్లు. గాజు మందం రెండున్నర మిల్లీమీటర్లు పెట్టుకుంటే కెపాసిటీ, అంటే చార్జి పట్టే తాకతు, 0.6 నానోఫారడ్ చిల్లర. మన సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్ 2.5 మైక్రోఫారడ్, ఒక మైక్రో అంటే వెయ్యి నానోలు. అంటే ఫ్యాన్‌ది సుమారు నాలుగు వేల రెట్లు పెద్దది. కాకపోతే అది వందల వోల్టులకే, ఇది వేల వోల్టులకు.

జాడీని 10 వేల వోల్టులకు నింపితే దాంట్ల ఉండే శక్తి 0.03 జూలు. నీ ఫోన్ బ్యాటరీ 5000 ఎంఏహెచ్ అయితే సుమారు 69 వేల జూళ్లు. గొంగడి పట్టుకొని 20 లక్షల సార్లకు పైన జాడీ నింపాలె. ఒక్క చుక్క వేస్టు కావద్దు మళ్ల.

బోరుబావి_యాదన్న
గొంగడి అరిగిపోతది గాని ఫోన్ ఒక్క పర్సెంట్ ఎక్కదన్నట్టు.

హాలియా_టీచరక్క
ఇదే లెక్కన మా ప్లాస్టిక్ గ్లాసులు ఎంత తమ్మీ?

పాలమూరు_పాలిటెక్నిక్
గోడ సన్నగ ఉంటది కాబట్టి ఎక్కువే అక్కా. 0.4 మిల్లీమీటర్ల మందం, 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే దగ్గరదగ్గర 1 నానోఫారడ్. గాజు సీసాను కొట్టేసింది. కానీ సన్న గోడ ఎక్కువ వోల్టేజికి పొడుచుకపోతది. సూది మొనంత బొక్క పడితే ఆ గ్లాసు ఇగ పనికి రాదు.

దేవరకొండ_డబ్బా
అందరు చెప్పినట్టు చేసినం. ఫాయిల్ కిందికి కోసినం, మెడకు మైనం, బయటి ఫాయిల్ నుంచి తీగ బోరింగ్‌కు. స్వెట్టర్ పక్కన పెట్టి అటెండర్ ఇంటి నుంచి గొంగడి తెప్పించినం. రవ్వ వచ్చింది! సన్నది, కానీ వచ్చింది. పిల్లలు ఎగిరిన్రు. ఇంక జర పెద్దగ రావాలంటే ఏం చెయ్యాలె?

క్లాక్‌టవర్_లెక్చరర్
పైపును మేకుకు ఎలా ఆనిస్తున్నారు? ఒకే చోట ఆనిస్తే ఆ చోటు చార్జే దిగుతుంది. పీవీసీలో చార్జి కదలదు కదా, ఎక్కడిది అక్కడే ఉంటుంది. పైపు పొడుగంతా, తిప్పుతూ, మేకు తలకు రాసుకుంటూ లాగాలి.

ఇంకా మంచి ఉపాయం ఎలక్ట్రోఫోరస్. 1775లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా ప్రచారంలోకి తెచ్చిండు, బ్యాటరీ కన్నా పాతికేళ్ల ముందు. పీవీసీ షీటు ఒకటి బల్ల మీద పరిచి గొంగడితో గట్టిగా రుద్దండి. అంచు గుండ్రంగా ఉన్న స్టీలు మూతకు నడుమ ప్లాస్టిక్ గ్లాసు అతికిస్తే పిడి తయారు. పిడి పట్టుకొని మూతను షీటు మీద పెట్టాలి, మూతను ఒకసారి వేలితో ముట్టాలి, వేలు తియ్యాలి, పిడితోనే పైకి ఎత్తాలి. ఎత్తిన మూతను మేకు దగ్గరకు తెస్తే చిటుక్కుమని జాడీలోకి దూకుతుంది. షీటు చార్జి ఖర్చు కాదు, మళ్లీ రుద్దకుండానే పెట్టు, ముట్టు, ఎత్తు. ముప్పై నలభై సార్లు చేస్తే జాడీ నిండుతుంది. మీరు ఎత్తే ప్రతిసారీ పెట్టే బలమే విద్యుత్తు అవుతుంది, పుణ్యానికి రాదు.

గొంగడి_కోయిల్‌కొండ
పెట్టు ముట్టు ఎత్తు. మా సర్వపిండి గిన్నె మూత పోయింది ఇయ్యాల 😄

నకిరేకల్_నవ్వులు
ఇగ అసెంబ్లీల పిల్లలందరిని చేతులు పట్టుకోమని నిలబెట్టుండ్రి సార్. ఫ్రాన్స్‌ల నోలే అనేటాయన రాజు ముందర 180 మంది సిపాయిలను వరుసగ నిలబెట్టి ఒక్క జాడీతోని అందరిని ఒక్కసారే ఎగిరిపిచ్చిండట కద.

హాలియా_టీచరక్క
వద్దు. ఎవరికి గుండె సమస్య ఉన్నదో మనకు తెలుస్తదా? సరదాకు ఐదుగురు నిలబడి ఒకరు ఏడిస్తే తల్లిదండ్రులకు ఏం చెప్తరు?

మిర్యాలగూడ_టీవీ_రిపేర్
0.03 జూలుకు ఏం కాదక్కా, తలుపు గొళ్లెం ముట్టితే చలికాలం చురుక్కుమంటది కద, దానికన్న జర ఎక్కువ.

హాలియా_టీచరక్క
ఒక్క చిన్న జాడీకి ఏం కాదు, ఒప్పుకుంట. కానీ పిల్లలు ఒక్కటితోని ఆగుతరా? రేపు నాలుగు పెద్ద సీసాలు తెచ్చి మేకులు మేకులు కలుపుతరు. ఒక జూలు దాటితే ఆటలు కాదన్నా.

క్లాక్‌టవర్_లెక్చరర్
టీచరమ్మ పక్షమే నాది. కొట్టించుకోకుండానే చూపించే మార్గం ఉంది. ఎలక్ట్రీషియన్ టెస్టర్‌లో చిన్న నియాన్ బల్బు ఉంటుంది. ఒక విద్యార్థి జాడీని పట్టుకొని, రెండో చేత్తో టెస్టర్ వెనుక టోపీ మీద వేలుంచి, మొనను మేకు తలకు తెస్తే బల్బు తళుక్కుమంటుంది. టెస్టర్‌లోని రెసిస్టర్ దెబ్బను తగ్గిస్తుంది. బాగా గమనిస్తే బల్బులోని రెండు కడ్డీల్లో ఒకటే మెరుస్తుంది, అది నెగెటివ్ వైపుది. గొంగడి, పీవీసీ పైపు వాడితే ఏ వైపు మెరుస్తుందో, ఎలక్ట్రోఫోరస్ మూత వాడితే ఏ వైపు మెరుస్తుందో చూడమనండి. తిరగబడుతుంది. జడ్జీలకు ఇది చూపిస్తే 180 మంది సిపాయిలు అక్కర్లేదు.

దేవరకొండ_డబ్బా
తిరగబడుతున్నది సార్!! చీకటి గదిల చూసినం. ఒక పిల్ల అడిగింది, పైపు నెగెటివ్ అయినప్పుడు మూత పాజిటివ్ ఎట్లయితది అని. నేను చెప్పేలోపే ఇంకో పిలగాడు "వేలు పెట్టినప్పుడు నెగెటివ్ అంత నీ ఒంట్లకు ఎల్లిపోయింది" అన్నడు. వానికి సగం మార్కులు ఇప్పుడే ఏసిన.

రవ్వ ఇప్పుడు 3 మిల్లీమీటర్ల దాక దూకుతున్నది. వోల్టేజి ఎంతుంటది?

పాలమూరు_పాలిటెక్నిక్
పొడి గాలిల ఒక మిల్లీమీటరుకు సుమారు 3 వేల వోల్టులు. 9, 10 వేలు ఉన్నట్టు. నా లెక్క నిలబడ్డది 😎

దేవరకొండ_డబ్బా
ఒక గమ్మత్తు మాత్రం సమజైతలేదు. తీగతోని బయటి ఫాయిల్‌కు మేకుకు కలిపి ఖాళీ చేసినం, టప్పుమన్నది. ఒక నిమిషం ఆగి మళ్ల కలిపితే ఇంకోసారి చిన్నగ చిటుక్కుమన్నది. మధ్యల ఎవ్వలు చార్జి చెయ్యలేదు.

మిర్యాలగూడ_టీవీ_రిపేర్
పిక్చర్ ట్యూబ్ కూడ అంతే. ఒక్కసారి ఖాళీ చేసిన అని నమ్మొద్దు, రెండోసారి కలపాలె, మూడోసారి కలపాలె. గాజు లోపలికి కొంత ఇంకుతది, మెల్లగ బయటికొస్తది. అందుకే పని అయినంక మేకుకు బయటి ఫాయిల్‌కు తీగ కట్టేసే అల్మారాల పెట్టాలె. కలిపేటప్పుడు ముందు బయటి ఫాయిల్, తర్వాత మేకు. తీగకు ప్లాస్టిక్ పిడి.

గొంగడి_కోయిల్‌కొండ
అంటే చార్జి గాజుల ఉంటదా, ఫాయిల్ల ఉంటదా?

పాలమూరు_పాలిటెక్నిక్
గాజులనే. అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ చేసి చూపిచ్చిండు. జాడీ చార్జి చేసి, లోపలి ముక్క, బయటి ముక్క తీసి విడిగ ముట్టుకున్నా ఏం కాదు. మళ్ల జోడిస్తే కొడుతది.

క్లాక్‌టవర్_లెక్చరర్
ప్రయోగం నిజమే, దాని నుంచి తీసిన తీర్పు సగమే నిజం. రేకులను లాగేటప్పుడు వోల్టేజి పెరిగి, రేకుల్లో ఉన్న చార్జి గాజు పైనున్న తేమ పొర మీదికి దూకుతుంది. అందుకే గాజులోనే ఉన్నట్టు కనిపిస్తుంది. 1922లో అడెన్‌బ్రూక్ అనే పరిశోధకుడు గాజు బదులు మైనం పెట్టి చేస్తే చార్జి రేకులతోనే వెళ్లింది. శక్తి మాత్రం రేకుల మధ్యనున్న విద్యుత్ క్షేత్రంలో ఉంటుంది.

పాలమూరు_పాలిటెక్నిక్
మా సార్ మాకు గాజులనే అని చెప్పిండు మరి.

క్లాక్‌టవర్_లెక్చరర్
మీ సార్‌కు నేనే చెప్పి ఉంటాను 🙂 అప్పట్లో అలాగే చెప్పేవాళ్లం.

బోరుబావి_యాదన్న
మా ఇంట్ల అవ్వ కాలం నాటి పింగాణి తొక్కు జాడీ ఉన్నది, బుడ్డ గొర్రెపిల్లంత. దాంతోని చేస్తే పెద్ద రవ్వ వస్తదా?

మిర్యాలగూడ_టీవీ_రిపేర్
కరెంటు స్తంభాల మీద గిన్నెలు పింగాణివే, మంచి ఇన్సులేటర్. కానీ జాడీ గోడ వేలు మందం ఉంటది, మందం పెరిగితే పట్టేది తగ్గుతది. పైగ ఏండ్ల నుంచి ఉప్పు తిన్నది.

బోరుబావి_యాదన్న
ఇప్పుడు దాంట్ల చింతకాయ తొక్కు గూడ ఉన్నది. ఖాళీ అయ్యేటాలకు ఎండకాలం వస్తది.

హాలియా_టీచరక్క
ఎండకాలమైతే గాలి ఇంక పొడిగ ఉంటది. తొందరేం లేదు, తొక్కు తినుండ్రి.